డబ్బా మీద తేదీ

ఆదివారం రాత్రి

పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే పెట్రోలు వాసన. ఘాటుగా కాదు, సన్నగా. వచ్చే శనివారం ఇసుక దారిలోకి వెళ్తున్నాం కదా, జీపు సామాను సర్దుదామని వచ్చినవాణ్ని, ముందు ఆ వాసన ఎక్కడిదో వెతికే పనిలో పడ్డాను. మూల నున్న రెండు జెర్రీక్యాన్లలో, అంటే పెట్రోలు మోసుకెళ్లే ఇనుప డబ్బాల్లో, ఒకటి తేలిగ్గా లేచింది. రెండోది ఎత్తబోతే చెయ్యి కిందికి లాగింది. కిందటి ట్రిప్పులో వాడకుండా వెనక్కి తెచ్చిన 20 లీటర్లు అలాగే ఉన్నాయి. వేళ్ల మీద లెక్కేస్తే ఎనిమిది నెలలైంది.

మూతలో రబ్బరు వాషరు ఎండిపోయి బీటలిచ్చింది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పైకి పోదు, నేల మీదే పరుచుకుంటుంది. ఎక్కడో ఒక స్విచ్చి నొక్కితే వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. అందుకే లైటు జోలికి పోకుండా రెండు తలుపులూ బార్లా తెరిచి, బయట అరుగు మీద కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి, "ఏమైందండీ, ఇక్కడ కూర్చున్నారు?" అంది. గాలి బాగుందన్నాను. అబద్ధమేమీ కాదు.

తర్వాత డబ్బాని బయటికి తెచ్చి మూత తీసి చూశాను. పెట్రోలు రంగు ముదిరింది, పాత వార్నిషులాంటి వాసన. తేలిగ్గా మండే భాగం ముందు ఎగిరిపోతుంది, మిగిలింది జిగురు కడుతుంది. ఇథనాల్ కలిపిన పెట్రోలైతే తేమను కూడా పీల్చుకుంటుంది. ఇన్నాళ్లూ "ఏ అవసరమొస్తుందో, ఉంటే మంచిదేలే" అనుకుంటూ దాచుకున్నది ఇదన్నమాట. నిజంగా అవసరమొచ్చి ఏ నడి ఇసుకలోనో ట్యాంకులో పోసి ఉంటే ఇంజను దగ్గుతూ ఉండేది. దీన్ని కాలవలో పారబోయకూడదు. వాడేసిన ఇంజనాయిలు, పాత ఇంధనం తీసుకునే చోట ఇచ్చి రావాలి, అది రేపటి పని.

డబ్బాని మాత్రం మెచ్చుకోవాలి. 1930లలో జర్మన్ సైన్యం కోసం చేసిన డిజైను, ఇప్పటికీ పెద్దగా మారలేదు. మూడు పిడులు ఎందుకో చాలాకాలం నాకు అర్థం కాలేదు. నిండు డబ్బాని ఇద్దరు చెరో పిడి పట్టుకుని మోయొచ్చు, ఖాళీవైతే ఒక్కో చేతికి రెండేసి పట్టుకోవచ్చు. పక్కల మీద నొక్కిన ఆ ఇంటూ గుర్తు అందానికి కాదు, రేకు బిగువుగా ఉండడానికి, లోపల ఉబ్బితే సర్దుకోవడానికి. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ వాళ్ల పల్చటి రేకు డబ్బాలు కారిపోతుంటే, శత్రువు దగ్గర దొరికిన ఈ డబ్బాలనే వాళ్లు ఏరుకుని వాడుకున్నారు. జర్మన్లని వాళ్లు 'జెర్రీ' అనేవాళ్లు, పేరు అలా అంటుకుంది. ఇంత ఆలోచించి చేసిన డబ్బాకి వాషరు మార్చడం మర్చిపోయింది మాత్రం నేను.

మధ్యాహ్నం మిత్రుడు ఫోన్ చేశాడు.

"ఒరేయ్, ఈసారి నాలుగు డబ్బాలు పైన కట్టేద్దాం. టెన్షన్ ఉండదు."

"పైనా? ఒక్కోటి ఎంత బరువో తెలుసా?"

20 లీటర్ల పెట్రోలు దాదాపు 15 కిలోలు, ఇనుప డబ్బా ఇంకో 4. నాలుగైతే 76 కిలోలు నెత్తి మీద. చాలా రూఫ్ ర్యాకులకు ఆ బరువే ఎక్కువ. ఏటవాలులో జీపు పక్కకి ఒరిగితే ఆ బరువే కిందికి తోస్తుంది. పోనీ లోపల పెడదామంటే, మనం కూర్చునే చోట పెట్రోలు ఆవిరితో ప్రయాణం అసలే వద్దు. వెనక తలుపు మీద బిగించే స్టాండుకి రెండు పడతాయి. "రెండు సరిపోతాయా?" అన్నాడు. కాగితం తీసుకున్నాను.

చివరి బంకు నుంచి ఇసుక మొదలయ్యే చోటికి 60 కిలోమీటర్లు, ఇసుకలో 180, అవతల బంకుకి ఇంకో 70. రోడ్డు మీద నా జీపు లీటరుకి 10 ఇస్తుంది. ఇసుకలో, తక్కువ గేరులో 5 వస్తే గొప్ప. అంటే రోడ్డుకి 13, ఇసుకకి 36, మొత్తం 49 లీటర్లు. ట్యాంకు 60. చూడ్డానికి డబ్బాలే అక్కర్లేదు! కానీ అవతలి ఒడ్డు కనిపిస్తుండగా దారి మూసుకుపోతే? వచ్చిన దారినే వెనక్కి. అప్పుడు రోడ్డుకి 12, ఇసుకకి 72, మొత్తం 84. నేను ఇన్నేళ్లూ మొదటి లెక్క వేసి, భయానికి ఒక డబ్బా మోశాను. ఆ ఒక్కటితో 80 లీటర్లే, అంటే రోడ్డు మీదికొచ్చాక ఆగిపోయేవాణ్ని. రెండైతే 100. మిగిలే 16 లీటర్లు, రెండుమూడుసార్లు ఇసుకలో కూరుకుపోయి చక్రాలు ఊరికే తిప్పినదానికి.

"సరే, రెండే," అన్నాడు, కొంచెం నిరాశగా.

ఇంకోటి కూడా చెప్పాను. డబ్బాలని చివరిదాకా దాచొద్దు. ట్యాంకులో 20 లీటర్ల చోటు పడగానే, ఇంజను ఆపి చల్లారాక ఒకటి పోసేయాలి. వెనక బరువు తగ్గుతుంది, మూత కారుతోందేమో అప్పుడే తెలుస్తుంది. పైగా ఎత్తుపల్లాల్లో గేజి ముల్లుని నమ్మలేం, ట్యాంకు అడుగంటితే ఏటవాలులో పంపు గాలి పీలుస్తుంది. గరాటు మర్చిపోవద్దన్నాను. ఒకసారి మర్చిపోయి, ఎదురుగాలిలో సగం చొక్కా మీదే పోసుకున్న ఘనత నాదే.

సాయంత్రం కొత్త వాషర్లు తెచ్చి బిగించాను. నింపేటప్పుడు డబ్బాని జీపు మీంచి దించి నేల మీద పెట్టాలి, లేకపోతే స్థిర విద్యుత్తు నేలలోకి పోయే దారి ఉండదు, నిప్పురవ్వ పుట్టొచ్చు. గొంతుదాకా పోయకూడదు. తెల్లవారి చల్లదనంలో నింపింది మధ్యాహ్నానికి 30 డిగ్రీలు వేడెక్కితే 20 లీటర్లు అర లీటరుకు పైగా పెరుగుతుంది.

రెండు డబ్బాలకీ తెల్ల టేపు అంటించి 'నింపిన తేదీ' అని రాసి, పక్కన ఖాళీ వదిలాను. శుక్రవారం బంకు దగ్గర ఆ ఖాళీలో తేదీ రాయాలి. పెన్ను ఇప్పుడే వెళ్లి జీపులో పెట్టొస్తాను, లేకపోతే దాన్నే మర్చిపోతాను.