మామూలు కాగితమే

ఇంటర్వ్యూ అయిపోగానే మా సౌండ్ అబ్బాయి ఒక నిమిషం ఎవరినీ కదలొద్దంటాడు. మాటల్లేని ఆ గది చప్పుడును విడిగా రికార్డు చేసుకుంటాడు. ఎడిటింగ్‌లో మాటకీ మాటకీ మధ్య అతుకు తెలియకుండా దాన్ని వేస్తారు, రూమ్ టోన్ అంటారు. మే నెల. మలికిపురం దగ్గర రెండు గదుల డాబా ఇల్లు. ఫ్యాను ఆపించాం, ఫ్రిజ్ ప్లగ్గు తీయించాం, పక్కింటివాళ్ళని బతిమాలి మిక్సీ కూడా ఆపించాం. అత్త మాత్రం లేసు అల్లుతూనే ఉంది. ఆ సూదికి చప్పుడు లేదు కాబట్టి ఎవరూ వద్దనలేదు. మెడ మీద చెమట కారుతున్నా నేనూ బిగుసుకుని కూర్చున్నాను. నలభై సెకన్లు అయ్యుంటాయి. అత్త తలెత్తకుండానే అడిగింది.

"అమ్మాయ్, పొద్దున నాచేత సంతకం పెట్టించావు కదా, ఆ కాగితంలో ఏముంది?"

"ఏం లేదత్తా, మామూలు కాగితమే" అన్నాను గొంతు తగ్గించి.

సూది ఆగింది. "నన్ను కువైట్ పంపినాయన కూడా ఇదే మాటన్నాడు. నువ్వు మన పిల్లవి కదమ్మా. నువ్వూ అదే మాటంటావా?"

సౌండ్ అబ్బాయికి తెలుగు రాదు. నిమిషం పాడైపోయిందని, మళ్ళీ మొదట్నించి అన్నట్టు వేలు చూపించాడు. ఇది జరిగి మూడు నెలలైంది. లండన్ వచ్చేశాను, పనిలో పడ్డాను, ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

ఆవిడ మాకు వరసకి అత్త కాదు, మా అమ్మతో డ్వాక్రా గ్రూపులో ఉండేది, చిన్నప్పుడు నన్ను బడి దగ్గర దింపి వెళ్ళేది. నేను తొమ్మిదేళ్ళుగా లండన్‌లో ఉంటున్నాను. డాక్యుమెంటరీలు తీసే ఒక చిన్న కంపెనీలో అనువాదం, సబ్‌టైటిళ్ళు నా పని. వరసకి 42 అక్షరాలు, రెండు వరసలు, తెర మీద ఆరేడు సెకన్లు. మనుషులు ఏడుస్తూ చెప్పుకున్నదంతా అందులో పట్టించాలి. ఈసారి సినిమా గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్ళొచ్చిన గోదావరి జిల్లాల ఆడవాళ్ళ మీద అనగానే, నేనే ముందుకొచ్చి ఊళ్ళు చూపించాను, ఇళ్ళు చూపించాను. నరసాపురం నుంచి మా డైరెక్టర్‌ని పంటు మీద సఖినేటిపల్లి దాటించి తీసుకొచ్చింది నేనే. ఆ ఇంట్లో తలుపు తీసింది నా మొహం చూసే.

ఆ కాగితాన్ని రిలీజ్ ఫారం అంటారు. మా ఒక్క కంపెనీదే కాదు, ఇలాంటివన్నీ కాస్త అటూ ఇటుగా ఒకేలా ఉంటాయి. నా రూపాన్నీ గొంతునూ ఇప్పుడున్న, ఇకముందు కనిపెట్టబోయే అన్ని మాధ్యమాల్లోనూ, విశ్వమంతటా, శాశ్వతంగా వాడుకోవడానికి ఒప్పుకుంటున్నాను. కత్తిరించుకోవచ్చు, మార్చుకోవచ్చు, నాకు ముందుగా చూపించనక్కర్లేదు. 'విశ్వమంతటా' అన్న మాట నేను కల్పించింది కాదు, నిజంగానే ఉంటుంది. ఈ సంతకాలు లేకపోతే ఛానళ్ళు సినిమా కొనవు, ఇన్సూరెన్సు కంపెనీలు ఒప్పుకోవు. కాబట్టి పొద్దున్నే కెమెరా పెట్టకముందే పెట్టించేయాలి.

నేను మోసం చేయాలనుకోలేదు. ఆరు రోజుల్లో పద్నాలుగు ఇంటర్వ్యూలు, ఎండ ముదరకముందే మొదలుపెట్టాలన్న టెన్షన్, వాకిట్లో మనుషులు పోగవుతున్నారు. రెండు పేజీల ఇంగ్లీషు లాయరు భాషను అరుగు మీద నిలబడి తెలుగులో చెప్పడం ఎవరి తరం? ఇలా నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ లండన్‌లో ఉద్యోగంలో చేరిన రోజు గుర్తొస్తుంది. హెచ్ఆర్ ఆవిడ కాంట్రాక్టు నా చేతిలో పెట్టి, ఇంటికి తీసుకెళ్ళి చదువుకో, తొందర లేదు, అర్థం కాని చోట గీత గీసి తీసుకురా అంది. నాలుగు రోజులు తీసుకున్నాను. ఏడు చోట్ల గీశాను. ఏడింటికీ ఆవిడ విసుక్కోకుండా జవాబు చెప్పింది. నేనూ ఒక మనిషినని ఆ దేశంలో నాకు మొదట అనిపించింది అప్పుడే. నా కాగితానికి నాలుగు రోజులు. అత్త కాగితానికి నాలుగు నిమిషాలు కూడా ఇవ్వలేదు నేను.

మా నాన్న కొబ్బరితోటను పాతికేళ్ళు నోటిమాట మీదే కౌలుకిచ్చాడు. మావైపు కాగితం తీశావంటే ఎదుటిమనిషిని నమ్మట్లేదని అర్థం. మాట మీద నడిచే ఊరు మాది అని లండన్‌లో ఎంతమందికి గొప్పగా చెప్పుకున్నానో. అత్త ఆ రోజు సంతకం పెట్టింది కాగితం చూసి కాదు, నా మాట మీద. అక్కడి కాగితాన్నీ ఇక్కడి మాటనూ కలిపి, రెండింటిలో ఉన్న మంచిని తీసేసి నేను వాడుకున్నాను. ఇది రాయడానికే చెయ్యి వెనకాడుతోంది.

అత్త 2009లో వెళ్ళింది. ఏజెంటు ఇంటి అరుగు మీద అరబ్బీ కాగితం ముందుంచి, ఏం లేదమ్మా, మామూలు కాగితమే, ఎంబసీ కోసం అన్నాడట. జీతం డెబ్బై దినార్లన్నారు, చేతికి నలభై అయిదు వచ్చాయి. మూడంతస్తుల ఇల్లు, పదకొండు మంది మనుషులు. తెల్లారి అయిదింటికి లేస్తే రాత్రి పన్నెండుకి నడుం వాల్చేది. పాస్‌పోర్టు మేడం బీరువాలో. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ళ కోసం ఒక చట్టం చేసింది, 68వ నంబరు చట్టం. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవివ్వాలి, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు, పాస్‌పోర్టు యజమాని తన దగ్గర పెట్టుకోకూడదు. ఆ చట్టం వచ్చాక అత్త ఇంకో మూడేళ్ళు అదే ఇంట్లో ఉంది. అలాంటిదొకటి ఉందని ఆవిడకి మొదటిసారి తెలిసింది మా ఇంటర్వ్యూలో, నా నోటి వెంట. కాసేపు వేళ్ళ మీద లెక్కేసుకుని, "అంటే మూడేళ్ళకి నూటయాభై పైచిలుకు శుక్రవారాలు" అంది. కెమెరా వెనక అందరం మంచి మాట దొరికిందనుకున్నాం. చదవని కాగితం మీద పెట్టిన సంతకం ఒక మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పడానికే ఆ సినిమా తీస్తున్నాం. ఆ సినిమా కోసమే ఆ మనిషి చేత ఇంకో చదవని కాగితం మీద సంతకం పెట్టించాం.

తిరిగొచ్చాక, కష్టాలు చెప్పుకునేవాళ్ళకీ కెమెరా పట్టుకునేవాళ్ళకీ మధ్య మిగతాచోట్ల ఏం జరిగిందో వెతుక్కుంటూ కూర్చున్నాను. నేను రోజూ ఆఫీసుకి వెళ్ళే రైలు స్టెప్నీ గ్రీన్ మీదుగా పోతుంది. 1935లో అక్కడి మురికివాడల వాళ్ళు కెమెరా ముందు నిలబడి ఎలుకల గురించీ నల్లుల గురించీ సొంత నోటితో చెప్పారు. సామాన్యులు నేరుగా కెమెరాతో మాట్లాడిన తొలి డాక్యుమెంటరీల్లో అదొకటి. తమ వ్యాపారం కోసం దానికి డబ్బులు పెట్టింది గ్యాసు కంపెనీలు. అయితే ఆ ఎలుకలూ నల్లులూ అబద్ధం కాదు. 2022లో ఆస్కార్‌కి నామినేట్ అయిన మన దేశపు డాక్యుమెంటరీ చూడండి. ఉత్తరప్రదేశ్ పల్లెల వార్తలు రాసే ఖబర్ లహరియా అనే వార్తాసంస్థని నడిపే ఆడవాళ్ళ మీద తీసింది. సినిమా కదిలించేలా ఉంది గానీ మా పనిలో ఒక ముక్కనే పట్టుకుని అదే మేమన్నట్టు చూపించింది అని వాళ్ళే బయటికి చెప్పాల్సొచ్చింది. అంత పేరొచ్చిన సినిమా గురించి అలా చెప్పడానికి చాలా గుండె కావాలి.

మా సంగతే తీసుకున్నా, నరసాపురం లేసు పనివాళ్ళ దగ్గరికి 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త వచ్చింది. రోజంతా అల్లే ఆడవాళ్ళని వ్యాపారులు పనివాళ్ళుగా కాక, ఇంట్లో ఖాళీగా కూర్చున్న గృహిణులుగా లెక్కేస్తున్నారని 1982లో పుస్తకం రాసింది. ఆవిడ రాసింది నిజం. మా అమ్మమ్మ కళ్ళు పోయేదాకా లేసు అల్లింది. ఆ పుస్తకం ఉందని నాకు తెలిసింది మాత్రం లండన్ లైబ్రరీలో. మన గురించిన నిజం మనకంటే ముందు వేరే ఊరికి చేరిపోతుంది.

నన్ను ఎక్కువగా నిలదీసింది ఆనంద్ పట్వర్ధన్ 1985లో బొంబాయి గుడిసెల కూల్చివేతల మీద తీసిన 'బాంబే: అవర్ సిటీ'. అందులో ఒకామె ఆయన మీదే తిరగబడుతుంది. పేదల ఫోటోలు తీసి నువ్వు పేరు తెచ్చుకుంటావు, మాకేం ఒరుగుతుంది అన్నట్టు అడుగుతుంది. ఆయన ఆ మాటలు కత్తిరించలేదు, సినిమాలోనే ఉంచాడు. మరుసటి ఏడాది ఇళ్ళు కూలిపోయినవాళ్ళతో కలిసి నిరాహారదీక్షకి కూర్చున్నాడు. ఆమె అడిగినదానికి అది పూర్తి జవాబని నేననను. కానీ ఆ ప్రశ్న విననట్టు వెళ్ళిపోలేదు కదా, నాకది గొప్ప విషయం.

అత్త ఆ మాట అడిగిన రోజు రాత్రి మా ఇంట్లో భోజనాల దగ్గర జరిగింది చెబితే అమ్మ కంచం ముందు నుంచి లేచిపోయింది. "దాన్ని ఒకసారి సంతకంతోనే ముంచారే" అంది, అంతే. నాన్నా నేనూ ఫారం ముందేసుకుని కూర్చున్నాం. 'శాశ్వతంగా' అని రాస్తే అత్తకి అది దండేసిన ఫోటో కింద రాసే మాటలా ఉంటుందన్నాడు నాన్న. కాసేపు ఆలోచించి, "దస్తావేజుల్లో రాస్తాంగా, పుత్ర పౌత్ర పారంపర్యంగా సర్వహక్కులతో అనుభవించగలరు అని. అదే రాయి" అన్నాడు. అదే రాశాను. రెండు పేజీలు పూర్తయ్యేసరికి ఒంటిగంట దాటింది.

పొద్దున్నే వెళ్ళి అత్త పక్కన నేల మీద కూర్చుని మొత్తం చదివాను. మా డైరెక్టరు కూడా కింద కూర్చుంది. పుత్ర పౌత్ర పారంపర్యం దగ్గరికి రాగానే అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"అంటే నా మొహం మీకు అమ్మేసినట్టే."

నేను ఇంగ్లీషులో చెప్పాను. మా డైరెక్టరు కాదనలేదు. కాసేపు ఆగి, మీకు ఏం కావాలో అడగండి అంది.

అత్త అడిగింది నేను అనుకున్నది కాదు. "లండన్‌లో వేసుకోండి, అమెరికాలో వేసుకోండి, నాకేం భయం లేదు. నేను చెప్పింది నిజమే కదా. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, ఈ చుట్టుపక్కల మాత్రం వద్దు. పిల్లనిచ్చిన చోట మేం సగమే చెప్పాం." కూతురి అత్తారిది సఖినేటిపల్లి వైపు. ఫోన్లలో తిరుగుతుందేమోనని మళ్ళీ మళ్ళీ అడిగింది. ఫారం విశ్వమంతా అడుగుతోంది. ఆవిడ విశ్వమంతా ఇచ్చేస్తానంటోంది, తను రోజూ నడిచే ఈ నాలుగు రోడ్లు తప్ప. లాయర్లు రాసిన ఆ రెండు పేజీల్లో ఆ నాలుగు రోడ్లకి చోటు లేదు.

మా డైరెక్టరు పెన్నుతో మూడు వాక్యాలు కొట్టేసింది. సినిమా పూర్తి చేయకముందు అత్తకి చూపిస్తామని, ఆవిడ తీసేయమన్నది తీసేస్తామని, ఆవిడ ఒప్పుకునేదాకా మన దేశంలో గానీ ఇంటర్నెట్‌లో గానీ పెట్టబోమని రాయించింది. నేను పక్కనే తెలుగులో రాశాను. అత్త ప్రతి అక్షరం కూడబలుక్కుని చదివి సంతకం పెట్టింది. పెట్టి, "నాకో కాపీ కావాలి. కువైట్‌లో పెట్టిన వాటిల్లో ఒక్కదానికీ కాపీ ఇవ్వలేదు" అంది.

మలికిపురం సెంటర్లో జెరాక్స్ షాపు ముందు కరెంటు కోసం ముప్పావుగంట నిలబడ్డాం. నేనొక్కదాన్నే వెళ్ళొస్తానంటే అత్త వినలేదు. కాపీ వేడివేడిగా చేతికి రాగానే, వెంట తెచ్చుకున్న పాలిథీన్ కవరులో పాత పాస్‌పోర్టు పక్కన పెట్టి, కవరు మూతి రెండు మడతలు వేసింది.

లండన్‌లో ఆ కాగితం చూసి మా లీగల్ ఆయన, ఇలాంటి షరతులుంటే ఛానలు తీసుకోకపోవచ్చు అన్నాడు. మా డైరెక్టరు ఇంకా వాదిస్తూనే ఉంది. ఏమవుతుందో చూడాలి. పోయిన వారం ఎడిటింగ్‌లో ఆ పాడైపోయిన నిమిషం మా ముందుకొచ్చింది. రూమ్ టోన్, పనికిరాదు అని రాసి ఉంది దాని మీద. ఏమంటోంది ఆవిడ అని అడిగింది మా డైరెక్టరు. నా మాటా, అత్త మాటా రెండూ చెప్పాను. ఆవిడ రెండుసార్లు వెనక్కి తిప్పి విని, ఇది సినిమాలో ఉండాలి, నీ గొంతు కూడా ఉంది కాబట్టి నువ్వు ఒప్పుకుంటేనే అంది. సాయంత్రం నా బల్ల మీద రిలీజ్ ఫారం పెట్టి వెళ్ళింది, నా పేరుతో.

ఇంటికి తీసుకెళ్ళి చదువుకుంటానన్నాను. నాలుగు రోజులైంది, నాలుగు చోట్ల గీతలు గీశాను. నిన్న అత్తకి ఫోన్ చేసి చెప్పాను. అంతా విని ఒకటే అడిగింది.

"నీకు కాపీ ఇస్తామన్నారా?"