జీలకర్రా, కోడిగుడ్డా: వంద గ్రాముల పట్టిక చెప్పని లెక్క

జీలకర్రలో కోడిగుడ్డు కంటే 38 రెట్లు ఎక్కువ ఇనుము ఉందని, ప్రొటీన్‌లో కూడా గుడ్డు దాని ముందు నిలవలేదని చెప్పే రంగుల పటం ఒకటి ఈమధ్య మా బంధువుల వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. శాకాహారి అయిన మా పిన్ని దాన్ని పంపి, కింద "ఇంకా గుడ్లు ఎందుకర్రా?" అని రాశారు. ఇలాంటి పటాలను చూసి నవ్వి ఊరుకోవడమే ఎక్కువగా జరుగుతుంది గానీ, దీని విషయంలో ఆ వెసులుబాటు లేదు. ఎందుకంటే అందులోని అంకెలు ఎవరో కల్పించినవి కావు. అమెరికా వ్యవసాయ శాఖ వారి ఆహార పట్టికలో 100 గ్రాముల జీలకర్రకు 66.4 మిల్లీగ్రాముల ఇనుము, 17.8 గ్రాముల ప్రొటీన్, 931 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నట్లు రాసి ఉంది. అదే పట్టికలో 100 గ్రాముల కోడిగుడ్డుకు ఇనుము 1.75 మిల్లీగ్రాములు, ప్రొటీన్ 12.6 గ్రాములు, కాల్షియం 56 మిల్లీగ్రాములు మాత్రమే. భాగించి చూస్తే 38 రెట్లు సరిగ్గానే వస్తుంది. అంకెలు నిజమై, వాటి నుంచి తీసిన తీర్పు మాత్రం తప్పు కావడం ఎలా సాధ్యమైందన్నదే నాకు ఆసక్తి కలిగించిన విషయం.

మొదటి చిక్కు నీటిది. కోడిగుడ్డులో పెంకు తీసేసిన తరువాత దాదాపు 76 శాతం నీరే ఉంటుంది. ఎండబెట్టి అమ్మే జీలకర్రలో నీరు సుమారు 8 శాతమే. అంటే పట్టికలో పక్కపక్కన నిలబెట్టిన రెండు వంద గ్రాములలో ఒకటి ముప్పాతిక వంతు నీళ్లు, రెండోది దాదాపు అంతా ఎండు పదార్థం. నీటిని లెక్కలోంచి తీసేసి ఎండు పదార్థాన్ని మాత్రమే పోల్చితే గుడ్డులో సగానికి పైగా ప్రొటీనే ఉంటుంది, జీలకర్రలో అయిదో వంతు కూడా ఉండదు. ఆ ఒక్క సవరణతోనే ప్రొటీన్ పోటీ తారుమారైపోయింది. ఇనుము విషయంలో మాత్రం, నీరు తీసేసిన తరువాత కూడా, జీలకర్రదే పదింతలు పైచేయి అని ఒప్పుకోవాలి.

రెండో చిక్కు అసలైనది. వంద గ్రాముల గుడ్డు అంటే రెండు గుడ్లు. పొద్దున రెండు ఉడికించుకుని తినేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వంద గ్రాముల జీలకర్ర అంటే నలుగురున్న ఇంట్లో వారాల తరబడి పోపుల డబ్బాలో నింపుకునే సరుకు. ఒక చిన్న చెంచాడు జీలకర్ర బరువు సుమారు 2 గ్రాములు. అందులో ప్రొటీన్ 0.4 గ్రాములకు కొంచెం తక్కువ, కాల్షియం 20 మిల్లీగ్రాములు, శక్తి 8 కేలరీలు. 50 గ్రాముల గుడ్డు ఒకటి 6.3 గ్రాముల ప్రొటీన్, 72 కేలరీలు ఇస్తుంది. ఆ ఒక్క గుడ్డు ఇచ్చే ప్రొటీన్ కోసం జీలకర్రనే నమ్ముకోవాలంటే దాదాపు 17 చెంచాలు నమలాలి. అంత పని ఎవరూ చేయరు, చేయకూడదు కూడా.

ఇక్కడ ఇనుము దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే చెంచా లెక్కకు దిగినా పటం వేసినవారి పక్షాన ఒక మాట మిగిలే ఉంది. అదే అమెరికా పట్టిక ప్రకారం చెంచాడు జీలకర్రలో 1.4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటే, ఒక గుడ్డులో 0.9 మిల్లీగ్రాములే ఉంది. పోపులో వేసే పిడికెడు కూడా లేని దినుసు గుడ్డును మించిందంటే ఆశ్చర్యమే. అయితే మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ భారతీయ ఆహార పదార్థాలను పరీక్షించి తయారుచేసిన పట్టికల్లో జీలకర్ర ఇనుము అంకె దీనికంటే బాగా తక్కువగా కనిపిస్తుంది. ఆ లెక్క తీసుకుంటే చెంచాడు జీలకర్ర గుడ్డు కంటే కిందికే దిగుతుంది. ఒకే దినుసుకు రెండు చోట్ల ఇంత తేడా రావడం వింత కాదు. పండిన నేల, ఎండబెట్టిన కళ్లం, చేటతో చెరగడంలో చూపిన శ్రద్ధ, పొడి కొట్టిన యంత్రం, ఇవన్నీ మసాలా దినుసుల ఇనుము అంకెను మార్చగలవు. గింజ మీది గాడుల్లో ఇరుక్కున్న మట్టి దుమ్ములో కూడా ఇనుము ఉంటుంది, పరీక్షలో అది కూడా కలిసే లెక్కకు వస్తుంది.

అంకె ఏదైనా, అది మన కంచంలోకి ఎంత చేరుతోందో చూడాలంటే చారు గిన్నెకు మించిన చోటు లేదు. నలుగురికి పెట్టే చారులో మిరియాలతో పాటు దంచి వేసేది చెంచాడు జీలకర్ర. అన్నంలోకి గరిటెతో పైనున్న తేట పోసుకుంటాం, చివరికి గిన్నె అడుగున ముదురు రంగు మడ్డి మిగులుతుంది, దాన్ని తోమే ముందు పారబోస్తాం. దంచిన జీలకర్రలో పెద్ద భాగం ఆ మడ్డిలోనే ఉంటుంది. దాని వాసన, రుచి తేటలోకి దిగినంతగా దానిలోని ఖనిజాలు దిగవు. మడ్డిని కూడా వదలకుండా నలుగురూ సమంగా పంచుకుని తిన్నారనుకున్నా, ఎక్కువ చెప్పే అమెరికా పట్టిక ప్రకారమే మనిషికి దక్కేది 0.35 మిల్లీగ్రాములు. భారతీయ వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించిన సిఫారసుల ప్రకారం పెద్దవయసు స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు, పురుషుడికి 19 మిల్లీగ్రాముల ఇనుము అవసరం.

తిన్నదంతా ఒంటికి పట్టదు కూడా. జీలకర్రలోని ఇనుము మొక్కల నుంచి వచ్చే రకం. దానితో పాటే ఉండే ఫైటేట్లు, పాలీఫినాల్స్ అనే మొక్కల పదార్థాలు దాన్ని పేగుల్లో గట్టిగా పట్టుకుని లోపలికి పోనివ్వవు. అలాగని గుడ్డును ఇనుము విషయంలో వెనకేసుకురావడం కూడా న్యాయం కాదు. గుడ్డులోని ఇనుము దాదాపు అంతా పచ్చసొనలోనే ఉంటుంది, అక్కడ ఫాస్విటిన్ అనే ప్రొటీన్ దాన్ని బంధించి ఉంచుతుంది. అందువల్ల గుడ్డు ఇనుము మాంసం ఇనుములా సులువుగా ఒంటబట్టదు సరికదా, అదే భోజనంలోని ఇతర పదార్థాల ఇనుమును కూడా కొంత అడ్డుకుంటుంది. రక్తహీనత ఉన్నవారికి "గుడ్లు తినండి, రక్తం పడుతుంది" అని చెప్పే సలహాలో ఉన్న లోపం ఇదే. ఇనుము కావాలంటే చూడవలసింది కంచంలో నిజంగా వంద గ్రాములు కనిపించే పదార్థాల వైపు: సజ్జలు, పప్పుధాన్యాలు, ఆకుకూరలు, తినేవారికి మాంసం. వాటి మీద నిమ్మకాయ పిండుకుంటే, లేదా భోజనం చివర జామకాయో ఉసిరికాయో తింటే, వాటిలోని సి విటమిన్ మొక్కల ఇనుము ఒంటబట్టడానికి సాయపడుతుంది. భోజనం ముగియగానే టీ తాగే అలవాటు దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పని చేస్తుంది.

ఇక గుడ్డు ఎక్కడ నిజంగా ముందుంటుందో చూద్దాం. పటం వేసినవారు ఇనుము, కాల్షియం, ప్రొటీన్ అనే మూడు వరుసలు మాత్రమే ఎంచుకున్నారు. బి12 విటమిన్ వరుస కూడా వేసి ఉంటే జీలకర్ర పక్కన సున్నా రాయవలసి వచ్చేది. ఒక గుడ్డు సుమారు 0.45 మైక్రోగ్రాముల బి12, ఒక మైక్రోగ్రాము డి విటమిన్, 147 మిల్లీగ్రాముల కోలిన్ ఇస్తుంది. కోలిన్ గురించి మన దగ్గర మాట్లాడేవారు తక్కువ. మెదడుకు, కాలేయానికి, ముఖ్యంగా గర్భిణులకు అవసరమైన ఈ పోషకం మామూలు భోజనంలో ఇంత చిన్న పరిమాణంలో ఇంతగా దొరకడం అరుదు. ప్రొటీన్ సంగతికొస్తే, శరీరం తనంతట తాను తయారుచేసుకోలేని అమైనో ఆమ్లాలన్నీ గుడ్డులో సరైన పాళ్లలో ఉన్నందువల్ల, ఇతర ఆహారాల ప్రొటీన్ నాణ్యతను కొలవడానికి చాలాకాలం గుడ్డునే కొలబద్దగా వాడారు. ఒక షరతు మాత్రం ఉంది: ఉడకాలి. ఉడికిన గుడ్డు ప్రొటీన్ 90 శాతం దాకా అరుగుతుందనీ, పచ్చిది సగమే అరుగుతుందనీ పరిశోధనల్లో తేలింది. పైగా పచ్చి తెల్లసొనలోని అవిడిన్ అనే ప్రొటీన్, బయోటిన్ అనే విటమిన్‌ను పట్టేసుకుంటుంది. వ్యాయామశాల నుంచి వచ్చి పచ్చిగుడ్లు పగలగొట్టి గ్లాసులో తాగే కుర్రవాళ్లు ఆ గుడ్ల ఖరీదులో సగం ఊరికే పోగొట్టుకుంటున్నారని నా అభిప్రాయం. జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా భయం దానికి అదనం.

మన రాష్ట్రాల్లో బడి భోజనానికి, అంగన్‌వాడీలకు గుడ్డును ఎంచుకోవడంలో పోషకాలతో పాటు ఇంకో తెలివి కూడా ఉంది. పాలలో నీళ్లు కలపవచ్చు, పప్పును పలచన చేయవచ్చు. పెంకు ఉన్న గుడ్డును పలచన చేయడం ఎవరి తరమూ కాదు, ప్రతి పిల్లవాడికీ ఒకే కొలత అందుతుంది.

కొలెస్ట్రాల్ గురించి రెండు మాటలు. ఒక గుడ్డులో సుమారు 186 మిల్లీగ్రాములు ఉంటుంది, అదంతా పచ్చసొనలోనే. రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదన్న పాత అంకెను అమెరికా ఆహార మార్గదర్శకాలు 2015 ముద్రణలో వదిలేశాయి. మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు మాత్రం తమ వైద్యుడు చెప్పిన లెక్కకే కట్టుబడాలి.

జీలకర్రను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. గుజరాత్, రాజస్థాన్ పొలాల నుంచి ఊంఝా మార్కెట్ మీదుగా మన పోపుల డబ్బాలోకి వచ్చే ఈ దినుసును మనం పోషకాల కోసం కొనడం లేదు. దాని వాసనకు మూలమైన క్యుమినాల్డిహైడ్ నూనెలో కరిగే పదార్థం. అందుకే కాగిన నూనెలో జీలకర్ర చిటపటలాడిన క్షణాన వంటిల్లంతా గుప్పుమంటుంది, అదే గింజను నీళ్లలో వేసి ఊరుకుంటే ఆ పరిమళం అంతగా రాదు. నోట్లో లాలాజలం ఊరించడం, చప్పటి పప్పుకు రుచి తేవడం, ఉప్పు ఒక పాలు తగ్గించినా లోటు తెలియనివ్వకపోవడం, ఇవి అది చేసే పనులు. జ్వరపడి లేచినవాడు నాలుగు ముద్దలు ఎక్కువ తినేలా చేసిన జీలకర్ర చారు, ఆ నాలుగు ముద్దల అన్నం పప్పుల ద్వారా ఇచ్చే పోషణ ఏ పట్టికలోనూ జీలకర్ర పేరిట జమ కాదు.

పొద్దున్నే తాగే జీలకర్ర నీళ్ల మీద కూడా చాలా ఆశలు పెట్టుకుంటున్నారు. గింజలు వడకట్టి పారేసి నీళ్లు తాగితే పటంలో చూపిన ఇనుము, ప్రొటీన్ చాలావరకు ఆ వడపోత గుడ్డలోనే ఉండిపోతాయి. తాగితే హాని లేదు, పొట్టకు హాయిగా ఉంటే తాగవచ్చు. కాని దాన్ని పలహారానికి బదులుగా తాగడం మాత్రం తెలివితక్కువ.

గుడ్డు ముట్టని ఇళ్లలో దాని స్థానాన్ని నింపగలిగింది పోపుల డబ్బాలో లేదు గానీ, వంటింట్లోనే ఉంది. ప్రొటీన్‌కు ముద్దపప్పు, ఉడికించిన శనగలు, పెసరట్టు, పెరుగు. 30 గ్రాముల పచ్చి కందిపప్పు వండితే దాదాపు ఒక గుడ్డంత ప్రొటీన్ దొరుకుతుంది, అది అన్నంతో కలిస్తే ఒకదాని అమైనో ఆమ్లాల లోటును మరొకటి పూడుస్తుంది. బి12కు పాలు, పెరుగు. ఆ విషయంలో ఒక గ్లాసు పాలు ఒక గుడ్డుకు ఏమాత్రం తీసిపోవు. పాలు కూడా మానేసినవారు, వయసు పైబడి ఒంటబట్టే శక్తి తగ్గినవారు, మధుమేహానికి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారు ఒకసారి రక్తపరీక్ష చేయించుకుని, లోటు తేలితే వైద్యుడు రాసిన బి12 మాత్ర వేసుకోవడమే దారి.