రోడ్డు కంటే ముందు కాలవ

ఆదివారం, రాత్రి

విశాఖలో కార్పొరేటరుగా పోటీ చేస్తున్నాను. వార్డులో ఏ వీధిలోకి వెళ్లినా మొదటి కోరిక ఒకటే. "సీసీ రోడ్డు వేయించండి బాబూ." ఈ రోజు కూడా అందరూ అదే అడిగారు, నేనూ అదే జవాబు చెప్పాను: ముందు కాలవ, తర్వాత కొళాయి పైపు, ఆ తర్వాత కేబుళ్లు, ఆఖర్న రోడ్డు. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక నగరంలో కరెంటు తీగలు భూమిలోకి దిగుతున్నాయి. ఆ పని మిగిలి ఉన్న వీధిలో ముందే సీసీ పోస్తే మళ్లీ తవ్వకం తప్పదు. తవ్విన గాడిని సరిగ్గా దిమ్మిస కొట్టకుండా పూడిస్తే మొదటి వానకే కుంగిపోతుంది.

ఇంకో ముప్పు ఎత్తుది. పాత శ్లాబు పగలగొట్టకుండా దాని మీదే ఆరంగుళాలు పోస్తారు. రెండుసార్లు అలా జరిగితే రోడ్డు అడుగు పైకి లేస్తుంది, ఇళ్ల గుమ్మాలు పల్లమైపోతాయి. అందుకని ఎస్టిమేటులో పాత శ్లాబు తీసివేతకి పద్దు ఉందో లేదో చూడాలి. ఆ పద్దు లేకపోతే, కొత్త రోడ్డు మీద పడిన నీళ్లు నేరుగా ఇళ్లలోకే వస్తాయి.

విశాఖలో కొండల మీద పడిన వాన నీళ్లు నిలవవు, కిందికి పరిగెడతాయి. ఒక పక్క కొండలు, రెండో పక్క సముద్రం, మధ్యలో దూరం తక్కువ. ఈ నీళ్లని దింపేవి మన గెడ్డలు, అంటే పెద్ద వాన కాలవలు. కొన్ని తూర్పున సముద్రంలోకి, కొన్ని పోర్టు వైపు పోతాయి. లెక్క కష్టమైనదేం కాదు. హెక్టారు మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే పది వేల లీటర్లు. పది హెక్టార్ల కొండవాలు కాలనీలో గంటకి 50 మిల్లీమీటర్లు కురిస్తే 50 లక్షల లీటర్లు. సిమెంటూ రాయీ ఉన్న చోట అందులో ఇంకేది కొంచెమే. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉన్న కాలవ మంచి వాలు మీద నిండుగా పారితే గంటకి సుమారు 20 లక్షల లీటర్లు మోస్తుంది. అడుగు ఎత్తున పూడిక పేరుకుంటే అందులో సగం కూడా మోయదు. మిగిలిన నీళ్లు ఎక్కడికి పోతాయో జ్ఞానాపురం, చావులమదుం వాసులకి చెప్పక్కర్లేదు.

పూడికతీత ఏటా జరిగే పనే. జరిగే తీరులోనే లోపాలున్నాయి. గెడ్డ కలిసే చోటి నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. పై నుంచి దిగుతూ తీస్తే కదిలిన మట్టి కిందికి జారి, అప్పటికే ఇరుకైన మూతిని ఇంకా మూసేస్తుంది. తీసిన బురద ఆరడానికి గట్టు మీద వేస్తారు, దానికి రెండు రోజులు చాలు. వారం ఉంచితే ఒక్క జల్లుకి మళ్లీ గెడ్డలోకే. కల్వర్టు కింద జేసీబీ చెయ్యి అందదు కాబట్టి రెండు వైపులా శుభ్రం చేసి మధ్యలో వదిలేస్తారు. నిజానికి నీళ్లు ఆగేది అక్కడే. అడ్డంగా వెళ్లిన కొళాయి పైపులకి, కేబుళ్లకి సంచులూ గుడ్డలూ చుట్టుకుని వలలా తయారవుతాయి. ఆ పైపుల్ని కల్వర్టు పైకి మార్చాలి, లోపలి మట్టిని జెట్టింగ్ యంత్రంతో, అంటే నీళ్లని బలంగా చిమ్మే యంత్రంతో తీయించాలి. మురుగు కలిసిన చోట్లోకి మనిషిని దించడం నాకు ససేమిరా సమ్మతం కాదు. రక్షణ లేకుండా దించడం, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా.

బిల్లు ఘనపు మీటర్ల లెక్కన అవుతుంది. కాబట్టి పనికి ముందు, తర్వాత కాలవ అడుగు మట్టం కొలిచి ఎం-బుక్కులో (కొలతల పుస్తకంలో) రాయాలి, ఫొటోలు సరిపోవు. ఎవరైనా సరే, సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి ఎస్టిమేటు, ఎం-బుక్కు నకళ్లు అడగొచ్చు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.

పూడిక తీసినా సముద్రం పోటు మీదున్నప్పుడు మూతి దగ్గర నీళ్లు ఎదురు తంతాయి. దాదాపు ఆరు గంటలకోసారి పోటూ ఆటూ మారుతుంటాయి. పోటు వేళలు ముందే తెలుస్తాయి గనక, వాయుగుండం హెచ్చరిక రాగానే పల్లపు వీధుల్లో డీజిలుతో సహా పంపుసెట్లు సిద్ధంగా పెట్టాలి. నీళ్లు మోకాలి దాకా వచ్చాక పంపుసెట్ల బండి వీధిలోకి రాదు.

కొండవాలు కాలనీల సంగతి ఇంతకంటే ఆందోళనగా ఉంటుంది. ఇక్కడి కొండలు ఖోండలైటు రాయివి. అది పుచ్చి ఎర్రమట్టిగా మారుతుంది, నానితే జారుతుంది. రక్షణ గోడ కట్టమని అందరూ అడుగుతారు, కట్టాక నీళ్ల దారి ఎవరూ చూడరు. గోడని తోసేది మట్టి ఒక్కటే కాదు, దాని వెనక చేరిన నీరు. అటూ ఇటూ మీటరు నుంచి మీటరున్నరకి ఒకటి చొప్పున, బయటికి వాలుగా, నీరు పోవడానికి గోడలో మూడు నాలుగంగుళాల పైపులు పెట్టాలి. వెనక అడుగు మందాన కంకర పోయాలి. కంకర లేకపోతే పైపులు మట్టితో పూడి గోడ ఉబ్బుతుంది. ఉబ్బు కనిపించిందంటే దాని కింది ఇళ్లవాళ్లని వాన ఆగేదాకా పక్కకి పంపాల్సిందే.

కొళాయి సంగతీ కాలవతో ముడిపడిందే. ఇంటి కనెక్షను పైపు చాలా వీధుల్లో మురుగు కాలవలోంచే వెళ్తుంది. నీళ్లు రోజులో కాసేపే వదులుతారు. ఆపగానే పైపులో పీడనం పడిపోయి, తుప్పు పట్టిన అతుకుల దగ్గర మురుగుని లోపలికి లాగుతుంది. మర్నాడు మొదటి బిందె వాసనొస్తే కారణం చాలాసార్లు ఇదే. పరీక్ష కష్టం కాదు. వీధి చివరి ఇంటి కొళాయి దగ్గర క్లోరిన్ చూడాలి. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి, క్లోరోస్కోపులో (క్లోరిన్ చూసే చిన్న పెట్టెలో) మందు చుక్కలు వేస్తే నీళ్లు పసుపుకి తిరగాలి. తిరగకపోతే ఆ వీధి పైపు వెతకాలి. ట్యాంకరు పంపడం ఆ పూటకి ఊరట, అంతే.

చెత్త గురించి ఒక్క మాట. తడి చెత్తనీ పొడి చెత్తనీ ఇంట్లోనే విడదీసి ఇవ్వాలి. విడదీసి ఇచ్చినదాన్ని బండిలో కలిపేస్తే ఇంటివాళ్ల ఓపిక పోతుంది. ఆ బండి రాని వీధి చెత్త చివరికి గెడ్డలోనే తేలుతుంది.

మెట్రో, ఉక్కు కర్మాగారం గురించి కూడా అడుగుతున్నారు. నాకూ వాటి మీద అభిప్రాయాలున్నాయి, కానీ అవి కార్పొరేటరు చేతిలో లేవు, ఉన్నట్టు మాటివ్వను. 98 వార్డుల్లో ఒక వార్డు మనిషి చేయగలిగింది కౌన్సిల్లో ప్రశ్న వేయడం, ఎస్టిమేటు చదవడం, పని జరిగేటప్పుడు పక్కన నిలబడటం. 2012 నుంచి 2021 దాకా ఈ నగరానికి ఎన్నికైన పాలకవర్గమే లేదు. ఆ తొమ్మిదేళ్లూ వార్డు తరఫున అలా నిలబడే మనిషి లేడు.

గెలిస్తే మొదట అడగబోయేది శంకుస్థాపన కాదు. వార్డులోని ప్రతి కల్వర్టుకీ ఒక నంబరు, దాని అడుగు మట్టం, నోటి వెడల్పు, అడ్డంగా ఉన్న పైపుల లెక్క. అవన్నీ వార్డు కార్యాలయం గోడ మీద అందరికీ కనబడేలా రాయించాలి. మే నెలలో ఒకసారి, అక్టోబరు వానలకి ముందు సెప్టెంబరులో ఇంకోసారి కొలిచి పాత అంకె పక్కన కొత్త అంకె వేయించాలి.