ముందు బుట్ట, వెనక పడవ

ఆదివారమంతా విన్‌స్లో హోమర్ అనే చిత్రకారుడి వాటర్‌కలర్లు చూడటంతోనే సరిపోయింది. అమెరికా నుంచి 1881లో ఇంగ్లండ్‌లోని కల్లర్‌కోట్స్ అనే చిన్న చేపల రేవుకొచ్చి, 1882 చివరిదాకా అక్కడే ఉండిపోయాడీయన.

రేవు బొమ్మంటే తెరచాపలు, సూర్యాస్తమయం అనుకుంటాం కదా. ఇక్కడ ముందుండేది ఆడవాళ్లు. 'ఇన్‌సైడ్ ది బార్' (1883)లో ఈదురుగాలికి ఒకామె ఏప్రన్ తెరచాపలా ఉబ్బిపోయింది, చేతికి బుట్ట. పడవలు ఎక్కడో వెనక! మగవాళ్లు వేటకెళ్తే గాలాలకు ఎర గుచ్చడం, వలలు బాగుచేయడం, చేపలు మోసుకెళ్లి అమ్మడం అన్నీ వీళ్ల నెత్తినే.

నాకు ఒక్కటే పేచీ. ఒక్కొక్కరినీ మరీ విగ్రహంలా నిలబెట్టేశాడు. అంత చాకిరీకి నడుం పట్టేయదా?

బొమ్మ న్యూయార్క్ మెట్రోపాలిటన్ (మెట్) మ్యూజియంలో ఉంది. వాళ్ల సైట్లో జూమ్ చేసి ఆ ఏప్రన్ మడతలు చూడండి.