బొటనవేలి గోరు నొక్కి చెప్పారు

నిన్న రాత్రే కాకినాడ నుంచి వచ్చాం. మూడేళ్లుగా ఒళ్లంతా తినేస్తున్న నొప్పికి పేరు తెలిసింది: ఫైబ్రోమయాల్జియా. మా నరసాపురం వైపు నాలాగా లేసు అల్లుకునే ఆడవాళ్లు చాలామంది. ఎవరికైనా పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

మొదట మెడ, భుజాలు. తర్వాత నడుము, తుంటి, మోకాళ్లు. ఎంత పడుకున్నా, రాత్రంతా నాట్లు వేసినదానిలా లేచేదాన్ని. పరీక్షలు ఒక్క పూటలో అయిపోయాయి. ఒంట్లో వాపు ఉందేమో చూసే ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తపరీక్షలు, థైరాయిడ్, ఎక్స్‌రే అన్నీ నార్మల్.

ఆ కాగితాలు పట్టుకుని ఓ ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాం. గది తలుపు తీసే ఉంది, గుమ్మంలో పేషెంట్లు నిలబడి ఉన్నారు. ఆయన ఫైలు తిప్పి, నా వైపు చూడకుండా మా ఆయన్ని అడిగారు: "ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా?"

"అబ్బే, లేదండీ."

"మరింకేం లేదు. ఊరికే ఆలోచిస్తోంది. ఏదో ఒక పనిలో పెట్టండి."

పనిలో పెట్టాలట! మా ఇద్దరు పిల్లల ఫీజులు నా లేసు డబ్బులతోనే కడుతున్నాను, ఈ మూడేళ్లలో ఒక్క టర్మూ ఆగలేదు. ఆ మాట ఆయనకి చెప్పలేకపోయాను, గొంతు పెగల్లేదు. గుమ్మంలో మా వీధావిడే ఉంది. సాయంత్రానికి వీధంతా తెలిసింది. రోజూ కర్పూరం వేసి కొబ్బరినూనె కాచి ఇచ్చే మా అత్తగారు ఆ రాత్రి గిన్నె పొయ్యెక్కించలేదు. నిజంగా నేనే ఊహించుకుంటున్నానేమోనని పంతంగా అల్లికకి కూర్చున్నాను. నాలుగో వరుసలో సూది చేతిలోంచి జారిపోయింది.

కాకినాడలో రుమటాలజిస్టు గారు, అంటే కీళ్లు, కండరాల నొప్పులు చూసే డాక్టరు, ఒంట్లో 19 చోట్ల పేర్లు చెప్పి ఎక్కడెక్కడ నొప్పి అని అడిగారు. నిద్ర, అలసట, మతిమరుపు, ఎన్నాళ్ల నుంచి, అన్నీ నన్నే అడిగారు. బొటనవేలి గోరు మీద నొక్కుతూ "ఓర్చుకోలేనప్పుడు చెప్పమ్మా" అన్నారు. వెంటనే చెయ్యి లాగేసుకున్నాను.

అప్పుడు చెప్పారు. 2002లో అమెరికాలో ఈ జబ్బున్న 16 మందికి, ఆరోగ్యంగా ఉన్న 16 మందికి ఇలాగే బొటనవేలు నొక్కుతూ మెదడుని స్కాన్ చేశారట. ఆరోగ్యవంతులకి అంత నొప్పి పుట్టాలంటే దాదాపు రెట్టింపు నొక్కాల్సి వచ్చిందట. తక్కువ ఒత్తిడికే పేషెంట్ల మెదడులో నొప్పి తెలిసే భాగాలు అంతే గట్టిగా పనిచేశాయట. మన కాలువ లాకుల్లో తలుపు దించి నీళ్లు ఆపినట్టు, మెదడు పైనుంచి నొప్పిని కొంత అణిచిపెడుతుందట. ఈ జబ్బులో ఆ తలుపు సరిగ్గా దిగదట.

ఆ స్కాన్ పరిశోధన కోసమే. మామూలు ఎమ్మారైలో ఇది కనబడదు, దానికోసం డబ్బు తగలేయకండి. రాత్రికి చిన్న మోతాదులో అమిట్రిప్టిలిన్ రాశారు. డిప్రెషన్ మాత్రేనని మందులషాపులో అంటారు, కంగారుపడొద్దు, తక్కువ మోతాదులో నొప్పికీ నిద్రకీ ఇస్తారు. రోజూ కాస్త నడవమన్నారు, మెల్లగా పెంచుకుంటూ.

మీతో మాట్లాడకుండా మీ ఆయనతో మాట్లాడే డాక్టరైతే లేచి వచ్చేయండి. ఫీజు పోతే పోయింది.

తిరిగొస్తూ చించినాడ వంతెన మీద ఉండగా మా ఆయన నా చెయ్యి ఒళ్లోకి తీసుకుని, ఎక్కడ నొక్కారో చూపించమన్నారు. చూపించాను. ఆయన నొక్కలేదు, నరసాపురం వచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నారు.