మైకు పలకలేదు, అంగడాయన మాత్రం బాగానే పలికాడు

ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని పాటలు చేద్దామనుకునేవాళ్లకు ముందే చెప్తున్నా. సాఫ్ట్‌వేర్ ధరలు చూసి భయపడాల్సిన పనేం లేదు, డబ్బు కారిపోయేది మైకు, వైర్ల దగ్గర. మా జేజి పాడే పదం ఒకటి డోలక్ బీటు మీద కూర్చోబెట్టి నిన్న రాత్రే పూర్తి చేశా. ఆ ఊపులో ఉన్నప్పుడే రాసేస్తే మేలు.

సాఫ్ట్‌వేర్ సంగతి తొందరగా ముగిస్తా. ఎల్‌ఎమ్‌ఎమ్‌ఎస్ పూర్తిగా ఉచితం. ఎఫ్‌ఎల్ స్టూడియో ట్రయల్ బాగుంటుంది గానీ, సేవ్ చేసుకున్న ప్రాజెక్టును మళ్లీ తెరవనివ్వదు. నేను రీపర్ పట్టుకున్నా. 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు, నాలాంటోళ్లకు లైసెన్సు 60 డాలర్లు. మన లెక్కలో 5 వేలు దాటుతుంది, బ్యాంకు కమీషను వేరే. కార్డులో విదేశీ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి, మర్చిపోవద్దు. క్రాక్ ఇస్తామనే స్నేహితులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. పాటకు ఎవరూ డబ్బివ్వరని ఏడ్చేదీ మనమే, పాట చేసే సాఫ్ట్‌వేర్ దొంగతనంగా వాడేదీ మనమే.

ఇంక మైకు. అనంతపురంలో సౌండ్ సిస్టాలు అమ్మే అంగడి ఒకటుంది, ఏ వీధో చెప్పను. "కంప్యూటర్‌లో పాట రికార్డు చేసేదానికి మైకు కావాలన్నా" అని విడమర్చి అడిగితే, కండెన్సర్ మైకు ఒకటి, దాంతో పాటు ఒక చివర మూడు పిన్నులు, ఇంకో చివర హెడ్‌ఫోన్ పిన్ను లాంటిది ఉన్న వైరు చేతిలో పెట్టాడు. "ఇది గుచ్చుకో, అంతే" అన్నాడు. 2,400 తీసుకుని, తెల్ల కాగితం ముక్క మీద అంకె రాసిచ్చాడు.

ఇంటికొచ్చి గుచ్చితే ఒకటే బుస్సుమనే శబ్దం. జేజి గొంతు చూస్తే బావిలో నుంచి వచ్చినట్టుంది. వైరు మార్చా, సెట్టింగులన్నీ తిరగేశా. లాభం లేక వెనక్కి తీసుకుపోయా. ఆయన నింపాదిగా మైకును తన మిక్సర్‌కు తగిలించి "హలో, హలో" అన్నాడు. అంగడి అంతా మోగిపోయింది. "ఏమప్పా, బాగానే పలుకుతాందే! పాడేది రాకపోతే మైకు ఏం చేస్తాది?" అన్నాడు. అక్కడ ఆర్కెస్ట్రా వాళ్లు నలుగురు కూర్చునుంటే అందరూ పగలబడి నవ్వారు. పాడేది నేను కాదు, మా జేజి అని చెప్పబోయి, ఇంకా నవ్వుతారని ఊరుకున్నా. వాపసు తీసుకోమంటే గోడ మీది బోర్డు చూపించాడు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే తప్పు. కానీ నలుగురు నవ్వుతుంటే చట్టం యాడ గుర్తొస్తుంది?

ఆ నవ్విన వాళ్లలోనే కీబోర్డు వాయించే పెద్దాయన ఒకరు బయట బండి దగ్గరికొచ్చి, "వాని మిక్సర్‌లో 48 వోల్టుల బటన్ ఉంది నాయనా, మీ కంప్యూటర్‌లో యాడుంటాది?" అన్నారు. కథంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. కండెన్సర్ మైకుకు కరెంటు కావాలి. ఆ కరెంటు మూడు పిన్నుల వైరులోనే పోతుంది, దాన్నే ఫాంటమ్ పవర్ అంటారు. కంప్యూటర్ మైకు రంధ్రం ఇచ్చేది ఏవో కొద్ది వోల్టులే. మధ్యలో ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకునూ కంప్యూటర్‌నూ కలిపే చిన్న పెట్టె ఉంటే, అది యూఎస్‌బీ నుంచి 5 వోల్టులు తీసుకుని 48 చేసి ఇస్తుంది. మూడు దశాబ్దాలుగా మైకులు అమ్ముతున్నానని చెప్పుకునే మనిషికి ఇది తెలియదంటే నేను నమ్మను. 48 వోల్టుల సంగతి మీరే ముందుగా అడగండి, నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. ఇంటర్‌ఫేస్ వద్దనుకుంటే డైనమిక్ మైకు చూసుకోండి, దానికి ఈ కరెంటు గొడవ లేదు. లేదంటే నేరుగా యూఎస్‌బీ మైకే కొనుక్కోండి.

ఇంటర్‌ఫేస్‌కు 12 వేల దాకా అయింది, ఆన్‌లైన్‌లో తెప్పించా. డ్రైవర్ దాని కంపెనీదే వేసుకోండి. బఫర్ అంటే కంప్యూటర్ ఒక్కో విడతకు పట్టుకునే శబ్దం ముక్కల లెక్క. అది 256 పెడితే, సెకనుకు 44,100 ముక్కల రేటు దగ్గర ఆలస్యం ఆరు మిల్లీసెకన్ల లోపే, పోనూ రానూ కలిపితే కొంచెం పెరుగుతుంది. కంప్యూటర్ పాతదైతే టపటపమంటుంది, అప్పుడు 512కు పెంచుకోండి. రికార్డింగప్పుడు ఫ్యాను ఆపాల్సిందే. మే నెలలో మా ఊళ్లో అదెట్లుంటుందో వేరే చెప్పాలా? రెండు చరణాలకే జేజి "నీ పాట పాడుగానూ, ఫ్యాను ఎయ్యి" అని లేచిపోయింది. మిగతాది తెల్లవారుజామున పాడించుకున్నా. గొంతు అప్పుడే ఇంకా బాగా పలికింది కూడా.

మిక్సు ఉన్నదున్నట్టు వినిపించే మానిటర్ స్పీకర్లు ఇంకా కొనలేదు. ప్రస్తుతానికి హెడ్‌ఫోన్స్‌లో మిక్సు చేసి మా మామ ఆటోలో వేసి వింటున్నా, బేసు ఎక్కువైతే అందులో ఇట్టే దొరికిపోతుంది. స్పీకర్లు మాత్రం బెంగళూరు పోయి, విని, బిల్లు చేతికొచ్చాకే డబ్బిస్తా.