సీతాఫలం ఆకుతో వెండి నానోరేణువులు, దోమ లార్వాలు: నా అనుభవం

ఆకుల రసంతో వెండి నానోరేణువులు (కంటికి కనిపించనంత చిన్న వెండి రేణువులు) తయారుచేసి, వాటితో డెంగీ దోమ లార్వాలను చంపవచ్చా అన్నది నా పరిశోధన. జువాలజీ పీజీ చేసేవాళ్లు చాలామంది ఇదే ప్రాజెక్టు ఎంచుకుంటున్నారు కాబట్టి, నా పని ఎలా సాగిందో రాస్తున్నాను.

ఆకు కోసం ఎక్కువ వెతకలేదు. మా మహబూబ్‌నగర్ వైపు గుట్టల మీద సీతాఫలం దానంతటదే పెరుగుతుంది. గింజలు నూరి తలకు పేలమందుగా పట్టించడం ఊళ్లలో పాత అలవాటే. (కంట్లో పడితే చాలా ప్రమాదం, దయచేసి ఎవరూ చేయకండి.)

తయారీ సులువే. 10 గ్రాముల ఆకులను 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో మరిగించి వడకట్టాలి. ఆ రసం ఒక వంతుకు ఒక మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్ ద్రావణం తొమ్మిది వంతులు కలపాలి. లేత పసుపు తేనె రంగుకు తిరిగి, చివరికి ముదురు గోధుమ రంగులోకి వస్తుంది. ఆకులోని ఫినాలిక్ పదార్థాలు వెండి అయాన్లకు (ద్రావణంలో కరిగి, విద్యుదావేశంతో ఉన్న వెండి పరమాణువులకు) ఎలక్ట్రాన్లు ఇచ్చి లోహంగా మారుస్తాయి. రేణువులు ముద్దకట్టకుండా వాటి చుట్టూ పట్టుకుని ఉండేదీ ఆ రసంలోని పదార్థాలే. ద్రావణం ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 420-450 నానోమీటర్ల మధ్య పీక్ వస్తే వెండి రేణువులు తయారైనట్టు. కుళాయి నీళ్లు మాత్రం వద్దు, అందులోని క్లోరైడ్‌తో వెండి తెల్లటి మడ్డిగా దిగిపోతుంది. గ్లవ్స్ తప్పనిసరి, సిల్వర్ నైట్రేట్ చేతికి తగిలితే నల్ల మచ్చ పడి రోజుల తరబడి పోదు.

అసలు కష్టం లార్వాలతోనే. డెంగీని మోసే ఈడిస్ ఈజిప్టై దోమ గుడ్లు అంటిన ఫిల్టర్ పేపర్ ముక్కలను ట్రేలో నీళ్లలో వేసి, పొదిగిన లార్వాలకు కుక్క బిస్కెట్ పొడి, ఈస్టు కలిపి పెట్టాలి. మేత ఎక్కువైతే నీళ్ల మీద తెట్టు కట్టి లార్వాలకు ఊపిరాడదు. అవి తోక దగ్గరి గొట్టాన్ని నీటి పైపొరకు ఆనించి, తల కిందికి వేలాడుతూ గాలి పీల్చుకుంటాయి. ట్రే మీద చెయ్యి నీడ పడితే చాలు, అన్నీ ఒక్కసారిగా మెలికలు తిరుగుతూ అడుక్కి పోతాయి. ఆ దృశ్యం ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాలేదు.

పరీక్షకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఇచ్చిన పద్ధతి వాడాను. కప్పుకు 25 లార్వాలు, ఒక్కో డోసుకు కనీసం నాలుగు కప్పులు, మందు కలపని కంట్రోల్ కప్పులు వేరే. 24 గంటల తర్వాత సూదితో తాకినా కదలనివి చనిపోయినట్టు లెక్క. కంట్రోల్‌లో 20 శాతం దాటి చనిపోతే ఆ పరీక్ష మొత్తం పారబోయాల్సిందే. మే నెల ఎండల్లో నాకు అదే జరిగింది, ఏసీ ఉన్న గది దొరికేదాకా ఒకటే టెన్షన్.

ఫలితాలు బాగా వచ్చాయి. వట్టి ఆకు రసం కంటే చాలా తక్కువ డోసులోనే నానోరేణువులు లార్వాలను చంపాయి. ఆ గ్రాఫులు పట్టుకుని మా గైడ్ దగ్గరికి వెళ్తే ఆమె ఒకే మాట అడిగారు: “వట్టి సిల్వర్ నైట్రేట్ కప్పులు కూడా పెట్టి చూద్దామమ్మా. చంపింది రేణువా, దాన్నుంచి కరిగిన వెండి అయానా?”

పెట్టి చూస్తే, వట్టి సిల్వర్ నైట్రేట్ కూడా బాగానే చంపింది. అప్పటినుంచి ఈ విషయం మీద ఏ పేపర్ చదివినా ముందు ఆ కంట్రోల్ ఉందా అని చూస్తాను. అది లేకుండా గొప్ప ఆకుకు దక్కుతుందో, రేణువుకు దక్కుతుందో, మామూలు వెండికి దక్కుతుందో తేల్చలేం.

ఆకుతో చేశాం కాబట్టి హాని లేదనుకోవడానికీ వీల్లేదు. వెండి నీటిలోని చిన్న జీవులకు, ముఖ్యంగా డాఫ్నియాలకు (నీటి ఈగలకు), గట్టి విషం. దోమ లార్వాలు చనిపోయే డోసులో చెరువులోని డాఫ్నియాలు బతకకపోతే ఈ మందును బయటి నీళ్లలో వేయమని నేను చెప్పలేను. ఈడిస్‌కు గుడ్డు నుంచి దోమ కావడానికి సుమారు ఏడు నుంచి పది రోజులు పడుతుంది కాబట్టి, వారానికోసారి తొట్లు, కూలర్లు ఖాళీ చేసే డ్రై డే మీదే ఇప్పటికి నాకు నమ్మకం ఎక్కువ. డాఫ్నియాలను పెంచడం మొదలుపెట్టాను, వాటి మీద 48 గంటల పరీక్ష పూర్తయ్యాకే థీసిస్‌లో చివరి అధ్యాయం రాస్తాను.